టకటకమనే మొక్క

ట్రిఫిడ్ అంటే జాన్ విండమ్ నవలలోని నడిచే విషపు మొక్క. ఆ మాట వినగానే, 1981లో బీబీసీ తీసిన సీరియల్ చూసినవాళ్ళకి మొక్క ఆకారం కంటే ముందు దాని చప్పుడు గుర్తొస్తుంది. ఎండిన కర్రముక్కలు ఒకదానికొకటి తగులుతున్నట్టు, తొందరేమీ లేని టకటక. తెరమీద అప్పటికి ఏమీ ఉండదు. ఒక గోడ, కాస్త పొద, దాని వెనక చీకటి. ఎవరో అటుగా నడుస్తుంటారు. టక్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ టక్ టక్. ఇంట్లో కూర్చుని చూస్తున్నవాళ్ళు కాళ్ళు పైకి ముడుచుకునేవాళ్ళంటే అందులో అతిశయోక్తి ఏమీ లేదు.

జాన్ విండమ్ నవల "ది డే ఆఫ్ ది ట్రిఫిడ్స్" 1951లో వచ్చింది. బీబీసీ దాన్ని ఆరు భాగాల సీరియల్‌గా తీసి 1981 సెప్టెంబర్ 10 నుంచి అక్టోబర్ 15 దాకా ఆరు గురువారాలు వేసింది. ఒక్కో భాగం అరగంటకి కాస్త తక్కువ, మొత్తం కలిపినా మూడు గంటలు నిండవు. డగ్లస్ లివింగ్‌స్టోన్ రాశాడు, కెన్ హానమ్ దర్శకుడు, డేవిడ్ మలోనీ నిర్మాత. ఈ మలోనీ అంతకుముందు బీబీసీ సైన్స్ ఫిక్షన్ సీరియళ్ళలో "డాక్టర్ హూ"కి ఎన్నో భాగాలు దర్శకత్వం వహించి, "బ్లేక్స్ సెవెన్" నిర్మించినవాడు. అంటే కార్డుబోర్డుతో గ్రహాంతరాలు కట్టించడం చేతనైన మనిషి. బిల్ మేసన్‌గా జాన్ డటైన్, జోగా ఎమ్మా రెల్ఫ్, కోకర్‌గా మారిస్ కోల్‌బోర్న్. నవలలో జోసెల్లా అన్న పేరు ఇక్కడ జో అయింది, కాలం ఎనభైల్లోకి జరిగింది. అంతకుమించి కథలో పెద్దగా వేలు పెట్టలేదు.

వేలు పెట్టకపోవడానికి సాహిత్యం మీద గౌరవం ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. ఈ నవల అసలే తక్కువ డబ్బుతో తియ్యడానికి రాసినట్టు ఉంటుంది. మొదటి అధ్యాయం చూడండి. ఆకాశం నిండా ఆకుపచ్చ ఉల్కలు రాలతాయి, చూసిన ప్రతివాడికీ తెల్లారేసరికి చూపు పోతుంది. కథ మొత్తంలో అన్నిటికంటే ఖరీదైన దృశ్యం అది. కానీ కథ చెప్పే బిల్ మేసన్ ఆ రాత్రి ఆసుపత్రి మంచం మీద కళ్ళకి కట్టుతో పడుకుని ఉంటాడు. అతను చూడలేదు కాబట్టి మనకీ చూపించనక్కర్లేదు. పక్కనున్నవాళ్ళు ఎంత బాగుందో చెబుతుంటే అతను కుళ్ళుకుంటాడు, అంతే. విండమ్ దీన్ని కథ కోసం చేశాడు. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ కళ్ళకట్టే సీరియల్‌కి అన్నిటికంటే పెద్ద ఆదా అయి కూర్చుంది.

లివింగ్‌స్టోన్ దానికి ఇంకొకటి జోడించాడు. మొదటి భాగంలో బిల్ మంచం మీద పడుకుని టేప్ రికార్డర్‌లోకి మాట్లాడుతుంటాడు. ట్రిఫిడ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి, నూనె కోసం వాటిని ఎలా పెంచుతున్నారు, వాటి విషపు కొరడా తగిలితే ఏమవుతుంది, అన్నీ. నవలలో ఇదంతా పేజీల కొద్దీ వివరణ. తెరమీద వివరణ అంటే జనం లేచి టీ పెట్టుకోవడానికి పోతారు. కళ్ళు కట్టేసి ఉన్న మనిషి, చేతిలో మైకు, పొద్దున ఎవరూ పలకరించడానికి రాకపోవడం, బయట ట్రాఫిక్ మోత లేకపోవడం, వీటి మధ్యన పెట్టేసరికి అదే వివరణ చెవులు రిక్కించి వినాల్సి వచ్చింది. ఒక మంచం, ఒక క్యాసెట్ రికార్డర్, ఒక నటుడు.

అలా మిగిల్చిన డబ్బు ఎక్కడ పెట్టారంటే, మొక్క మీద. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా. ఈ సీరియల్లో గొప్ప సెట్టింగులు లేవు, మొక్కే అంతా. పైగా ట్రిఫిడ్ కూడా నూనె మొక్కే.

నవలలో దాని రూపం వివరంగానే ఉంది. అడుగున పీచు పట్టిన బోదె, దాని కింద మూడు మొండి కాళ్ళు. మధ్యలోంచి పైకి నిటారుగా కాడ, కాడ చివర గరాటు లాంటి మూతి. ఆ మూతిలో చుట్టచుట్టుకుని విషపు కొరడా. గరాటు అడుగున జిగట, అందులో అంటుకున్న పురుగులు. బోదె పక్కనే చిన్న చిన్న పుల్లలు నిలబడి, కాడకి కొట్టుకుంటూ చప్పుడు చేస్తుంటాయి. నడిచేటప్పుడు ముందు రెండు కాళ్ళు జరిగి, వెనక కాలు ఈడ్చుకొచ్చి, చంకకర్రల మీద మనిషిలా ఊగుతుంది.

బీబీసీ విజువల్ ఎఫెక్ట్స్‌లో స్టీవ్ డ్రూయెట్ దీన్ని రూపకల్పన చేశాడు. బోదెకి జిన్‌సెంగ్ వేరుని నమూనాగా తీసుకున్నాడు. జిన్‌సెంగ్‌ని ఎప్పుడైనా చేతిలో పట్టుకుని చూస్తే ఎందుకో తెలుస్తుంది. తొడల్లాంటి పాయలు, నడుము, చుట్టూ వెంట్రుకల్లాంటి పిల్లవేళ్ళు. మనిషి రూపానికి దగ్గరగా వచ్చి ఆగిపోయిన వస్తువు అది, చైనా భాషలో దాని పేరులోనే మనిషి ఉన్నాడు. అంత ఆలోచించి నమూనా ఎంచుకున్నాక దాన్ని లేటెక్స్ రబ్బరుతో చేసి, పైన రంపపుపొట్టు, పురికొస పట్టించారు. మెడ ఫైబర్‌గ్లాస్. ఆ మెడ బోదెలోంచి కిందికి నేలదాకా దిగి, లోపల మనిషి కూర్చునే పీటతో కలిసిపోతుంది. పైన తల మెత్తటి రబ్బరు, దాని మీద పారదర్శకమైన బంక. లోపల ఒక మనిషి గొంతుక్కూర్చుని ఆడిస్తాడు. చప్పుడు చేసే పుల్లల్ని మాత్రం బయటినుంచి రేడియో కంట్రోల్‌తో కదిపేవాళ్ళు. లోపలి మనిషికి ఊపిరాడటానికి మెడలో ఒక ఫ్యాను.

ఈ ఒక్కో ఎంపిక వెనక కారణం ఉంది. లేటెక్స్ ఎందుకంటే అది వంగుతుంది, లోపల మనిషి మోకాలు తగిలినా పగలదు, బోదె ఊపిరి పీలుస్తున్నట్టు కదులుతుంది. కానీ ఉత్త లేటెక్స్ లైట్ల కింద బొమ్మలా మెరుస్తుంది. ఆ మెరుపుని చంపడానికే రంపపుపొట్టు. పద్ధతి మామూలుదే: అచ్చులో ద్రవ లేటెక్స్‌ని పల్చగా పూతపూతగా వెయ్యాలి, ఒక పూత పూర్తిగా ఆరాకే ఇంకోటి. తొందరపడి మందంగా పోస్తే పైన తొక్క కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తెల్లగా కనిపిస్తున్నంత సేపూ అది ఆరనట్టే, పసుపు రంగు తేలాలి. ఆఖరి పూత తడిగా ఉండగానే పొట్టు చల్లాలి. ఆరాక చల్లితే అంటదు, జిగురు పెట్టి అంటించినా మొదటిసారి వంగినప్పుడే రాలిపోతుంది. పురికొసని లేటెక్స్‌లో ముంచి, పిండి, వేళ్ళలా పరిస్తే రబ్బరుతో పాటే సాగుతుంది. అచ్చులోంచి తీసేటప్పుడు టాల్కం పౌడరు చల్లకపోతే రబ్బరు తనకి తనే అతుక్కుని ముద్దవుతుంది. ఇంకో సంగతి, రాగి తీగ గానీ ఇత్తడి మర గానీ లేటెక్స్‌కి నేరుగా తగలకూడదు. రాగి సోకినచోట రబ్బరు త్వరగా చెడిపోయి బంకబంకగా తయారవుతుంది.

మెడ కూడా రబ్బరుతోనే చేస్తే? మనిషి ఎత్తున్న రబ్బరు గొట్టం తల బరువుకి వాలిపోతుంది. లోపల ఇనపకడ్డీ పెడితే నిలబడుతుంది గానీ బరువు పెరుగుతుంది, ఆడించేవాడి నడుము విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ గట్టిది, తేలికది, బోలుగా ఉంటుంది కాబట్టి ఫ్యానుకి దారి దొరికింది. అది పీటకి కలిసి ఉండటంలోనే అసలు తెలివి కనిపిస్తుంది. లోపలివాడు నడుం కాస్త వంచితే పైన తల ఎంతో దూరం వాలుతుంది. చేతులతో తీగలు లాగే బొమ్మలో ఇది రాదు, అక్కడ కదలిక ముక్కలుముక్కలుగా ఉంటుంది. ఒంటి బరువుతో ఊగే వస్తువుకి ఒక బద్ధకం ఉంటుంది. ట్రిఫిడ్‌కి కావలసింది ఆ బద్ధకమే. ఎక్కడికీ పోనక్కర్లేదు, మీరే వస్తారు అన్నట్టు.

ఇక ఆ బంక. ఇలాంటి షూటింగుల్లో జిగటకి ఎక్కువగా వాడేది మిథైల్ సెల్యులోజ్ లాంటి చిక్కబరిచే పొడి. లీటరు నీటికి 20 గ్రాములు వేస్తే గరిటెకి అంటుకుని దారంలా సాగేంత చిక్కదనం వస్తుంది. చిక్కంతా కలపడంలోనే. చల్లటి నీళ్ళలో పొడి పొయ్యగానే పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి, ఎంత గిలకొట్టినా విడవవు. ఈ పొడి వేడినీళ్ళలో కరగదు, అదే ఉపాయం. మొత్తం నీళ్ళలో మూడోవంతు బాగా వేడిచేసి, పొడి అందులో వేసి ప్రతి రేణువూ తడిసేదాకా కలిపి, అప్పుడు మిగతా రెండొంతులూ చల్లనీళ్ళు పొయ్యాలి. చల్లబడుతున్నకొద్దీ చిక్కబడుతుంది. తర్వాత కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి, లేదంటే లోపల చిక్కిన గాలిబుడగలు లైట్ల కింద సబ్బునురగలా కనిపించి మొక్క పరువు తీస్తాయి. తలకి పూశాక ఆరిపోకుండా షాట్‌కి షాట్‌కి మధ్య నీళ్ళు చిలకరిస్తూ ఉండాలి, ఆరితే తెల్లటి పొరలా లేస్తుంది. వాన పడితే మొత్తం కడుక్కుపోతుంది, మళ్ళీ మొదటినుంచి. మూతి అంచున బొట్టు ఒక షాట్‌లో వేలాడుతూ, మరుసటి షాట్‌లో మాయమైతే చూసేవాళ్ళు ఊరుకోరు.

కొరడా దెబ్బని నిజంగా మొత్తం చూపించాలంటే కష్టం. మూతిలోంచి విచ్చుకుని, గాల్లో పోయి, మనిషి మొహానికి చుట్టుకోవాలి. మూడు ముక్కలు చేసి అతికించడమే అందరికీ తెలిసిన దారి. తల వెనక్కి వంగడం, ఫ్రేములో ఏదో గీతలా దూసుకుపోవడం, మొహం మీద వాత. మధ్య ముక్క పావు సెకను ఉంటే చాలు, అంతకంటే ఎక్కువుంటే అది తాడని తెలిసిపోతుంది. ఫిల్ముమీద తీసేవాళ్ళకి ఇంకో పాత చిట్కా ఉంది. కొరడాని ముందే మొహానికి చుట్టి, లాగేస్తూ తీసి, దాన్ని వెనక్కి నడపడం. కెమెరాని తలకిందులుగా పట్టుకుని తీసి, ఆ ఫిల్ముముక్కని కొసా మొదలూ తిప్పి అతికిస్తే బొమ్మ నిటారవుతుంది, కదలిక తిరగబడుతుంది. దీనికి రెండు అంచులా చిల్లులున్న ఫిల్ము వాడాలి. ఒకవైపే ఉంటే తిప్పగానే చిల్లులు అవతలి అంచుకి పోయి ప్రొజెక్టర్ పళ్ళకి అందవు. నటుడు కూడా మొహంలో బాధని వెనకనుంచి ముందుకి నటించాలి. మంచి నటులు కూడా అక్కడ తడబడతారు.

మొక్కకంటే కష్టమైన ఎఫెక్టు ఇంకొకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. చూపు పోయినవాళ్ళుగా నటించాల్సిన జనం. పదిమంది ఎక్స్‌ట్రాలకి గుడ్డివాళ్ళలా నడవమని చెబితే తొమ్మిదిమంది నిద్రలో నడిచేవాళ్ళలా చేతులు బారచాస్తారు. నిన్నటిదాకా చూపున్న మనిషి అలా నడవడు. కాలు ఎత్తడు, నేలని రాస్తూ జరుపుతాడు, ఒక చెయ్యి గోడని వదలదు, రెండోది మొహానికి అడ్డంగా ఉంటుంది. కళ్ళది ఇంకో తంటా. పక్కన ఏదైనా కదిలితే కనుపాప దానంతటది అటు తిరుగుతుంది, ఆపాలనుకున్నా ఆగదు. చూపుని ఏ వస్తువు మీదా నిలపకుండా బారెడు దూరంలో గాలిలో వదిలెయ్యమని నేర్పాలి. చప్పుడయితే కళ్ళు తిప్పకుండా చెవిని తిప్పాలి. ఈ సీరియల్లో వీధి దృశ్యాలు ఇప్పటికీ వెన్నులో చలి పుట్టిస్తాయంటే, ఎక్కువ కారణం వెనక వరసల్లో ఉన్న ఆ పేరులేని మనుషులే. కోకర్ చూపున్నవాళ్ళని పట్టుకుని చూపులేనివాళ్ళ గుంపులకి సంకెళ్ళతో కట్టేసే భాగం చూడండి. అందులో ట్రిఫిడ్లతో పెద్దగా పనే లేదు. ఉన్నదల్లా బేడీలు, ఆకలి, ఎవరిని ఎంతవరకు కాపాడాలి అన్న తగవు. కోల్‌బోర్న్ గొంతులో ఆ మొండితనం వింటే కోకర్‌ది తప్పని చెప్పడానికి నోరు రాదు.

ఖాళీ నగరం సంగతి కూడా అంతే. రోడ్లు మూయించే స్తోమత లేనివాళ్ళకి ఆదివారం తెల్లవారుజామే దిక్కు. కెమెరాని కిందికి దించి, ఇరుకు సందులోకి తిప్పి, ఫ్రేములో ఆకాశం తక్కువ పెట్టుకోవాలి, ఎందుకంటే విమానం గీసిన తెల్లచార ఒక్కటి చాలు కథ చెడటానికి. వెలుగుతున్న ట్రాఫిక్ లైటు, దూరాన కదిలే బస్సు, కిటికీలో టీవీ వెలుగు, ఇవన్నీ శత్రువులే. శబ్దం మాత్రం చేతిలో ఉంటుంది. నగరం చచ్చిపోయిందని చెప్పడానికి ఖాళీ రోడ్డు కంటే గట్టి సాక్ష్యం, పిచ్చుకల అరుపు మరీ స్పష్టంగా వినిపించడం. నవల మొదలయ్యేదే అలా, బుధవారం పొద్దున ఆదివారంలా వినిపిస్తోందేమిటన్న అనుమానంతో. 2002లో "28 డేస్ లేటర్" సినిమా తీసినవాళ్ళు ఆసుపత్రిలో లేచిన మనిషినీ, ఖాళీ లండన్‌నీ ఇక్కణ్ణుంచే తీసుకున్నారు. వాళ్ళూ తెల్లవారుజామునే, చిన్న డిజిటల్ కెమెరాలతో, నిమిషాల లెక్కన తీశారు. ఇరవై ఏళ్ళయినా పేదవాడి పద్ధతి మారలేదు.

ఆ కాలపు బ్రిటిష్ టీవీ నాటకాల్లో చాలావాటిలో ఉన్న ఒక అతుకు ఇప్పుడు చూసేవాళ్ళ కంటికి గుచ్చుకుంటుంది. మామూలుగా బయటి దృశ్యాలు 16 ఎంఎం ఫిల్ము, లోపలివి స్టూడియోలో వీడియో టేపు. మనిషి తలుపు తెరిచి లోపలికి రాగానే లోకం మారిపోతుంది. లైటింగ్ ఒక్కటే కారణమనుకుంటారు చాలామంది. అసలు తేడా కదలికలో ఉంది. ఫిల్ము సెకనుకి 25 బొమ్మలు, ఒక్కో బొమ్మనీ టీవీ రెండు సగాలుగా చూపిస్తుంది, రెండు సగాలూ ఒకే క్షణానివి. వీడియో కెమెరా సెకనుకి 50 సగాలు తీస్తుంది, ఒక్కోటీ వేరే క్షణం. అందుకే వీడియోలో చెయ్యి ఊపితే నీళ్ళలా జారుతుంది, ఫిల్ములో కాస్త తొట్రుపడుతుంది. రబ్బరు మొక్కకి ఫిల్మే క్షేమం. ఫిల్ము మీది సన్నటి చుక్కల గరుకు, మసక, ఆ తొట్రుపాటు కలిసి రంపపుపొట్టుని బెరడు చేసేస్తాయి.

వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది టైటిల్స్ గురించి. క్రిస్టఫర్ గన్నింగ్ సంగీతం, పైకి చూస్తున్న మొహాలు, వాటి మీద ఆకుపచ్చ వెలుగు. ఉల్కలు ఎలా ఉన్నాయో ఎవరూ చూపించరు, చూసినవాళ్ళ మొహాలు చూపిస్తారు. ప్రతి గురువారం కథ మొదలయ్యేది ఆ మొహాలతోనే.

పోల్చి చూడటానికి రెండున్నాయి. 1962 నాటి సినిమాలో ట్రిఫిడ్లు సముద్రపు నీళ్ళు తగిలితే కరిగిపోతాయి. నిడివి చాలక లైట్‌హౌస్ కథ ఒకటి విడిగా తీయించి కలిపారు, అది తీసిన ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ పేరు తెరమీద వెయ్యలేదు. విచిత్రమేమిటంటే సినిమాలో కాస్త ఊపిరాడనివ్వనిది ఆ అతుకుముక్కే. 2009 డిసెంబర్‌లో బీబీసీయే మళ్ళీ రెండు భాగాలుగా తీసింది, ఈసారి కంప్యూటర్ మొక్కలు. అవి పరిగెడతాయి, తీగలతో మనుషుల్ని ఈడ్చుకుపోతాయి. ఖర్చు తెరమీద కనిపిస్తుంది. కానీ పరిగెత్తే మొక్కకి చప్పుడు అవసరం లేదు, చప్పుడు లేకపోతే కాచుకుని కూర్చోవడం ఉండదు. నవలలో ట్రిఫిడ్ గెలిచేది వేగంతో కాదు, తీరికతో. మనిషికి చూపు పోయింది, దానికి ముందునుంచీ లేదు, అంచేత అలవాటున్నది గెలుస్తుంది. ఈ లెక్క నవలలోనే ఒక పాత్ర, జనానికి చూపు పోకముందే వేస్తాడు.

రేడియోవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1957లో ఒకసారి, 1968లో మళ్ళీ బీబీసీ రేడియో దీన్ని ఆరు భాగాల నాటకంగా వినిపించింది. రేడియో వినేవాడు ఎలాగూ చూపు లేనివాడే. ట్రిఫిడ్ కట్టడానికి లేటెక్స్ అక్కర్లేదు, రెండు పుల్లలు చాలు.

ఆ పుల్లల విషయంలోనూ జాగ్రత్త ఉంది. మెత్తటి కర్ర పనికిరాదు, దప్దప్‌మంటుంది. బాగా ఎండిన గట్టి కర్ర, జానెడు పొడవు. పిడికిట్లో బిగించి పట్టుకుంటే మోత చచ్చిపోతుంది. రెండు వేళ్ళ మధ్య, పొడవులో పావువంతు దగ్గర వదులుగా వేలాడనిచ్చి తట్టాలి. మైకుకి మరీ దగ్గరైతే అది తాళం వేస్తున్నట్టు ఉంటుంది. నాలుగు బారల దూరం, వీలైతే గోడ అవతలినుంచి. లయ కుదరకూడదు. సమంగా కొట్టారా, అది యంత్రం అయిపోతుంది. రెండు దెబ్బలు, ఆగడం, ఒకటి, ఇంకా ఎక్కువ ఆగడం. వినేవాడు ఇక ఆగిపోయిందిలే అనుకునేంత సేపు ఆగి, అప్పుడు ఇంకో వైపునుంచి మరొకటి జవాబు చెప్పాలి.